నీలం బండ చవకే, ఆక్సిజన్ బిల్లు చూశారా?

తిరుపతి ఆటోనగర్, రేణిగుంట రోడ్డు, గాజులమండ్యం చుట్టుపక్కల ఫ్యాబ్రికేషన్ షాపులు నడుపుతున్న అన్నలకు, తమ్ముళ్లకు,

నమస్కారం. నన్ను మీలో చాలామంది చూసే ఉంటారు. రేణిగుంట రోడ్డు మీద మా షాపులో ముందు గదిలో కూర్చుని బిల్లులు రాసే ఆడమనిషిని. మా ఆయన, మేస్త్రి, ఇద్దరు హెల్పర్లు, నేను: అంతే మా షాపు. ఇనుము కోసే గ్యాస్ టార్చి నేనెన్నడూ పట్టలేదు గానీ, దానికయ్యే ఖర్చు మాత్రం పదహారేళ్లుగా రాస్తున్నాను. కాబట్టి గ్యాస్ గురించి ఈమెకేం తెలుసు అనుకునేవాళ్లు కాస్త ఓపిక పట్టి చదవండి.

ఈమధ్య మన వీధుల్లో డీఏ సిలిండర్లు, అంటే ఎసిటిలిన్ గ్యాస్‌వి, తగ్గిపోయాయి. ఆ మెరూన్ రంగు సిలిండర్ ఉండే చోట 19 కిలోల ఎల్పీజీ నీలం బండ నిలబడింది. మేమూ మారాం. మారడం తప్పని నేను అనను, కొన్ని పనులకు ఎల్పీజీయే మేలు. మనం మారిన పద్ధతి గురించే నా గొడవంతా. బండ మార్చాం, దాంతోపాటు మారాల్సినవి ఒక్కటీ మార్చలేదు. అందుకు మా షాపు రెండు విధాలుగా దండుగ కట్టింది. ఒకటి డబ్బు. రెండోది ఒక పిల్లాడి చెయ్యి.

డబ్బు సంగతి ముందు చెప్తాను. మామిడి పల్ప్ ఫ్యాక్టరీల పని మీకందరికీ తెలిసిందే. తోతాపురి కాయ దిగేలోపు చిత్తూరు వైపు ఫ్యాక్టరీలన్నీ స్టాండ్లు, ప్లాట్‌ఫారాలు, కన్వేయర్ ఫ్రేములు బాగు చేయించుకోవాలి. మార్చి నుంచి మే దాకా మాకు ఊపిరాడదు. ఆ హడావుడి మొదలయ్యే ముందే ఎల్పీజీకి మారాం. మొదటి నెల పుస్తకం చూసి మురిసిపోయాను, డీఏ ఖర్చు పూర్తిగా పోయింది కదా! రెండో నెల ఆక్సిజన్ బిల్లు వచ్చింది. పని దాదాపు అంతే, ఆక్సిజన్ వచ్చే నల్ల సిలిండర్లు మాత్రం బాగా ఎక్కువ. మూడో నెలా అదే తంతు.

నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. శ్రీకాళహస్తి వైపు నుంచి వచ్చిన హెల్పర్ కుర్రాడి మీద అనుమానపడ్డాను. సగం సిలిండర్లు పక్క షాపుకి అమ్ముకుంటున్నాడేమో అనుకున్నాను. మూడు రోజులు వాడి రాకపోకలు గమనించాను, ఒకరోజు అడిగేశాను కూడా. వాడు ఏమీ మాట్లాడకుండా తల దించుకున్నాడు. మా మేస్త్రి విన్నాడు. పెద్దాయన, నలభై ఏళ్లుగా టార్చి పట్టిన మనిషి. "అమ్మణ్ణీ, వాడు కాదు దొంగ. ఆ నీలం బండే నీ ఆక్సిజన్ తాగేది" అన్నాడు. ఆ సాయంత్రం ఆయన చెప్పినదాన్ని తర్వాత నేను కూర్చుని లెక్క కట్టాను.

ఎసిటిలిన్ ఒక పాలు మండాలంటే టార్చిలో ఆక్సిజన్ కాస్త అటూ ఇటూగా ఒక పాలు పైచిలుకు చాలు. మిగతాది చుట్టూ ఉన్న గాలి నుంచి తీసుకుంటుంది. ఎల్పీజీ ఒక పాలుకి దాదాపు నాలుగు పాళ్ల ఆక్సిజన్ టార్చి లోంచే పోవాలి. 19 కిలోల ఎల్పీజీ ఆవిరైతే ఎనిమిది, తొమ్మిది ఘనపు మీటర్ల గ్యాస్ అవుతుంది. దాన్ని నాలుగుతో హెచ్చిస్తే 34 ఘనపు మీటర్ల దరిదాపు. మనకొచ్చే ఆక్సిజన్ సిలిండర్‌లో 7 ఘనపు మీటర్లు. అంటే ఒక్క నీలం బండ ఖాళీ అయ్యేసరికి, ప్లేటు వేడెక్కించే మంటకే దాదాపు ఐదు నల్ల సిలిండర్లు పోతాయి. కటింగ్ జెట్‌కి, అంటే ఇనుమును కోసే ఆక్సిజన్ ధారకి, పోయేది ఇంకా వేరే. 6 ఘనపు మీటర్ల డీఏ సిలిండర్ అయితే మంటకి ఒక నల్ల సిలిండర్‌తో సరిపెట్టేస్తుంది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ నీలం బండలో ఉన్న మొత్తం వేడి ఒక డీఏ సిలిండర్ కన్నా రెండున్నర రెట్లు ఎక్కువ. కాబట్టి బండకి బండ పోల్చకూడదు. వేడికి వేడి పోల్చినా, ఎల్పీజీ మంట తాగే ఆక్సిజన్ డీఏ కన్నా సుమారు రెట్టింపు. గ్యాస్ చవక, ఆక్సిజన్ ఎక్కువ. రెండూ కలిపి రాస్తేనే అసలు ఖర్చు తెలిసేది. మనలో చాలామంది ఆక్సిజన్ బిల్లు ఒక పేజీలో, గ్యాస్ బిల్లు ఇంకో పేజీలో రాసి, రెండో పేజీ చూసి సంబరపడుతున్నాం. నేను చేసిందీ అదే.

మరి అంత వేడి ఉండీ ఎల్పీజీ ఎందుకు ఆలస్యం చేస్తుందంటే, వేడి ఎంత ఉంది అన్నదొకటి, మంటలో అది ఎక్కడుంది అన్నదొకటి. ఎసిటిలిన్ మంట ఆక్సిజన్‌తో సుమారు 3,150 డిగ్రీల దాకా పోతుంది, అదీ నాజిల్ మూతి దగ్గరి ఆ చిన్న తెల్లటి మొనలో. ఎల్పీజీ మంట 2,800 పైచిలుకు. దాని వేడిలో ఎక్కువ భాగం బయటి నీలం మంటలో పరుచుకుని ఉంటుంది. అందుకే డీఏతో ప్లేటు అంచున చుక్క పెట్టినట్టు ఎర్రబడుతుంది. ఎల్పీజీతో అయితే అరచేతంత మేర వేడెక్కాకే ఆ చుక్క ఎర్రబడుతుంది.

ఇంకో సంగతి. ఇనుమును కోసేది మంట కాదు. ఇనుము 900 డిగ్రీల దగ్గరికి వేడెక్కితే స్వచ్ఛమైన ఆక్సిజన్ తగలగానే అదే మండిపోతుంది, మండిన కిట్టాన్ని ఆక్సిజన్ ధార కిందికి ఊది పారేస్తుంది. కోత అంటే అదే. కోత మొదలయ్యాక ఇనుము మండే వేడే ముందుకు సాయం చేస్తుంది, మంట పక్కనుండి ఊతం ఇస్తుంది. అందుకే మందం ప్లేటులో పొడవైన కోత అయితే ఒకసారి మొదలయ్యాక డీఏకి, ఎల్పీజీకి వేగంలో పెద్ద తేడా కనిపించదు. ఆక్సిజన్ స్వచ్ఛత మాత్రం చాలా ముఖ్యం, 99.5 శాతం ఉండాలి. అది ఒక్క శాతం తగ్గినా కోత వేగం బాగా పడిపోతుంది. సప్లయర్‌ని గ్యాస్ రేటు అడిగేముందు ఆక్సిజన్ స్వచ్ఛత అడగమని మేస్త్రి అంటాడు.

స్టెయిన్‌లెస్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ప్రతి సీజన్‌లో పల్ప్ ఫ్యాక్టరీ నుంచి ఎవరో ఒకరు స్టెయిన్‌లెస్ పైపు తెచ్చి "గ్యాస్ కటింగ్ చెయ్యండన్నా" అంటారు. ఏ గ్యాస్ పెట్టినా అది తెగదు. దాని మీద ఏర్పడే క్రోమియం ఆక్సైడ్ పొర ఆ లోహం కన్నా ఎక్కువ వేడికి గానీ కరగదు, ఆక్సిజన్‌ని లోపలికి రానివ్వదు. ప్లాస్మా కటింగ్ మిషన్‌కో గ్రైండర్‌కో పంపండి.

ఇదంతా మన పనికి ఎలా పడుతుందో చూడండి. మా షాపులో ఒకరోజు రెండు పనులు పక్కపక్కన పడ్డాయి. ఒకటి పాత లారీ చాసిస్ స్క్రాప్, మందంగా, పొడవుగా, రోజంతా కోతే. రెండోది యాంగిల్స్‌కి చిన్న చిన్న కోతలు, ప్లేట్లకి బోల్టు రంధ్రాలు. స్క్రాప్‌కి ఎల్పీజీ బ్రహ్మాండంగా పనిచేసింది, కోత కింద కిట్టం కూడా సుత్తితో తట్టగానే ఊడిపోయింది. రంధ్రాల దగ్గరే ఏడుపు. ప్రతి రంధ్రానికీ మళ్లీ మొదటి నుంచి వేడెక్కించాలి. మేస్త్రి డీఏతో ఒక రంధ్రం వేసి లేచేసరికి ఎల్పీజీ పట్టిన కుర్రాడు ఇంకా అదే చుక్క ఎర్రబడాలని చూస్తూ కూర్చున్నాడు. అలా కూర్చున్నంతసేపూ ఆక్సిజన్ పోతూనే ఉంటుంది, కూలీ పడుతూనే ఉంటుంది. పలచని ప్లేటు అయితే ఆ పరుచుకున్న వేడికి వంకరపోతుంది, దాన్ని సరిచేయడం మళ్లీ ఒక పని.

అదే మందం రాడ్డు వేడి చేసి వంచాలంటే, బిగుసుకుపోయిన పిన్ను వేడి చేసి ఊడదీయాలంటే, ఎల్పీజీకి మించింది లేదు. డీఏతో ఆ పని చేయించడం ప్రమాదం కూడా. డీఏ సిలిండర్ నుంచి గంటకి దాని మొత్తంలో ఏడో వంతు మించి లాగకూడదన్నది పాత లెక్క, ఈమధ్య పదో వంతే మేలంటున్నారు. పెద్ద హీటింగ్ నాజిల్ పెట్టి అంతకన్నా ఎక్కువ లాగితే, లోపల గ్యాస్‌ని కరిగించి ఉంచే అసిటోన్ ద్రవం కూడా గ్యాస్‌తోపాటు బయటికి వస్తుంది. ఇక స్టీలు వెల్డింగ్‌కి ఎల్పీజీ మంట పనికిరాదు, ఇత్తడి కరిగించి అతికే బ్రేజింగ్‌కి సరే. రేడియేటర్ పని, గ్యాస్ వెల్డింగ్ పని ఉన్న షాపు డీఏని పూర్తిగా వదిలేస్తే రేపు పక్క షాపు గడప ఎక్కాల్సిందే.

ఇప్పుడు పిల్లాడి చెయ్యి సంగతి.

బండ మార్చిన రోజు మేము నాజిల్ మార్చలేదు. పాత డీఏ నాజిలే ఉంది, థ్రెడ్ సరిపోయింది, మంట వచ్చింది, ఇంకేం కావాలనుకున్నాం. ఎల్పీజీ మంట నెమ్మదిగా మండే రకం. అందుకే దాని నాజిల్ రెండు ముక్కలుగా ఉంటుంది, లోపలి ముక్క చుట్టూ గాడులు, మూతి కాస్త లోపలికి ఉండి మంటను పట్టి నిలుపుతుంది. డీఏ నాజిల్ ఒకే ముక్క, మూతి చదును. దాంట్లో ఎల్పీజీ పెడితే మంట మూతిని వదిలి ఎగురుతుంది. మా కుర్రాడు, అదే నేను దొంగ అనుకున్న కుర్రాడే, మంట నిలవడం లేదని నాజిల్‌ని ప్లేటుకి ఆనించినట్టు దగ్గర పెట్టి కోశాడు. నాజిల్ వేడెక్కింది, కిట్టం చిమ్మి రంధ్రాలు మూసుకున్నాయి. టప్ టప్ అని రెండు మూడుసార్లు కొట్టింది. తర్వాత టార్చి లోపలి నుంచి సన్నగా కూత మొదలైంది.

ఆ కూత వినిపిస్తే మంట టార్చి లోపలికి పోయిందని అర్థం, ముందు ఆక్సిజన్ కట్టెయ్యాలి, వెంటనే గ్యాస్. వాడికి ఎవరూ చెప్పలేదు. మేస్త్రి ఆరోజు సెలవు. వాడు హ్యాండిల్ కాలుతున్నా వదలకుండా గ్యాస్ వాల్వ్ కోసం తడుముకున్నాడు. కుడి అరచెయ్యి కాలింది. హాస్పిటల్లో కట్టు కట్టించుకుని వాడు బయటికి వచ్చినప్పుడు వాడి కళ్లలోకి చూడలేకపోయాను. అంతకు నెల ముందే వాణ్ణి సిలిండర్లు అమ్ముకున్నావా అని అడిగిందాన్ని కదా.

ఆ నాజిల్ ఖరీదు మాకు ఒక పూట టీ, టిఫిన్ల ఖర్చు కూడా కాదు.

నాజిల్‌తో అయిపోలేదు. ఆక్సిజన్ ధారే గ్యాస్‌ని లాక్కునే ఇంజెక్టర్ టార్చి అయితే అది ఏ గ్యాస్‌కి చేసిందో చూడాలి. రెగ్యులేటర్ ఎల్పీజీది వేరు. హోస్ పైపు ఎల్పీజీకి పనికొచ్చేదేనా అని అమ్మేవాణ్ణి అడిగి తీసుకోండి, మామూలు రబ్బరు ఎల్పీజీకి నాని మెత్తబడి పగులుతుంది. టార్చి దగ్గర, రెగ్యులేటర్ దగ్గర మంట వెనక్కి పోకుండా ఆపే ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు పెట్టండి, గ్యాస్‌కీ ఆక్సిజన్‌కీ రెండింటికీ. మా షాపులో ఇప్పుడు ఉన్నాయి. అంతకుముందు ఎందుకు లేవని అడగకండి.

కొందరికి కోపం వచ్చినా ఎర్ర బండ గురించి చెప్పక తప్పదు. ఇంటికి వచ్చే 14.2 కిలోల సిలిండర్‌ని షాపులో టార్చికి తగిలిస్తున్న చోట్లు మన వీధుల్లో ఎన్నో నాకు తెలుసు, మీకూ తెలుసు. 2000లో వచ్చిన ఎల్పీజీ సరఫరా, పంపిణీ నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అది నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, స్టవ్ రెగ్యులేటర్ ఇచ్చే ఒత్తిడి 30 మిల్లీబార్లు, స్టవ్‌కి సరిపోయేంత. కటింగ్‌కి అది చాలదు. అందుకని దాన్ని పీకేసి, ఎవడో తయారుచేసిన అడాప్టర్‌తో నేరుగా బిగిస్తున్నారు. అది లీకైతే ఆపేదేమీ ఉండదు.

లీక్ అన్నప్పుడు రెండు గ్యాసులకీ ఒక తేడా ఉంది, మన షాపుల్లో అది ప్రాణం మీది తేడా. ఎసిటిలిన్ గాలి కన్నా కాస్త తేలిక, పైకి పోతుంది. ఎల్పీజీ గాలి కన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు, నేల మీద పాకి గుంటల్లో కూర్చుంటుంది. ఆటోనగర్‌లో సర్వీసింగ్ గుంట లేని షాపు ఎన్ని ఉన్నాయి చెప్పండి? పొద్దున షట్టర్ తీయగానే రాత్రంతా గుంటలో చేరిన గ్యాస్ మీద మొదటి నిప్పురవ్వ పడితే చాలు. బండని గుంటకి, డ్రైనేజీ మూతకి దూరంగా పెట్టండి, రాత్రి వాల్వ్ కట్టండి. బండ మీద మంచు పేరుకుని గ్యాస్ తగ్గుతోందంటే దానర్థం ఎక్కువ లాగుతున్నారని, దానికి టార్చి మంట చూపించే పిల్లల్ని నేను కళ్లారా చూశాను.

డీఏ ఏమీ సాధువు కాదు. గాలిలో 2.5 నుంచి 81 శాతం దాకా ఎంత కలిసినా అంటుకుంటుంది; ఎల్పీజీకి ఆ హద్దు సుమారు 2 నుంచి 9.5. ఎసిటిలిన్‌ని 15 పీఎస్ఐ ఒత్తిడి మించి వాడకూడదు, ఆక్సిజన్ లేకపోయినా తనంతట తనే పేలిపోయే గుణం ఉంది. అందుకే సిలిండర్ లోపల గుల్ల పదార్థం నింపి, అసిటోన్‌లో కరిగించి ఉంచుతారు. ఆ పద్ధతిని గట్టిపరిచిన గుస్తాఫ్ డాలెన్ అనే స్వీడన్ ఇంజనీరు 1912లో ఎసిటిలిన్ పరీక్షలోనే చూపు పోగొట్టుకున్నాడు, అదే ఏడాది ఆయనకి ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. ఆటోలో పడుకోబెట్టి తెచ్చిన డీఏ సిలిండర్‌ని దించగానే వాడకూడదు, నిలబెట్టి కొన్ని గంటలు ఆగాలి. పైపు తెగితే రాగి గొట్టంతో అతుకు వేసే అలవాటు ఉన్నవాళ్లు మానుకోండి. రాగితో ఎసిటిలిన్ కలిసి ఏర్పడే పదార్థం తట్టినా పేలుతుంది.

ఇంకా కార్బైడ్ డ్రమ్ముతో గ్యాస్ తయారుచేసుకునే ఒకటి రెండు షాపులున్నాయి. ఆ రాయి గురించి చిత్తూరోళ్లకి కొత్తగా చెప్పేదేముంది, కాయలు మాగబెట్టడానికి వాడి వాడి 2011 ఆహార భద్రత నిబంధనల్లో నిషేధం దాకా తెచ్చుకున్నాం. తడి తగిలితే అది వదిలేదీ ఎసిటిలినే, దాంతోపాటు ఆర్సెనిక్, ఫాస్ఫరస్ విషవాయువులు కొంచెం. మామిడి పండులో వద్దన్నదాన్ని మన పిల్లల ముక్కు కింద ఎందుకు ఉంచాలి?

ఈమధ్య కటింగ్ గ్యాస్ అని ప్రత్యేకంగా అమ్మేవాళ్లు కూడా షాపులకి వస్తున్నారు. నానోకట్, హెచ్‌పీ రేజర్, భారత్ మెటల్ కటింగ్ గ్యాస్, ఇవి ప్రభుత్వ ఆయిల్ కంపెనీలవే. ఎల్పీజీకి కొన్ని పదార్థాలు కలిపి మంట చురుకు పెంచిన రకం. వాడిచూడటంలో తప్పులేదు, మేమూ ఒకటి తెప్పించుకోబోతున్నాం. వచ్చినతన్ని కూర్చోబెట్టి, ఏ నాజిల్ పెట్టాలి, ఒక పాలు గ్యాస్‌కి ఎన్ని పాళ్ల ఆక్సిజన్ అని అడగండి. ఆ తర్వాత మన షాపులో, మన ప్లేటు మీద, నిండు ఆక్సిజన్ సిలిండర్ బిగించి కోసి చూపించమనండి. మూలం ఎల్పీజీయే కాబట్టి నేల మీద పాకే గుణం అలాగే ఉంటుందని మర్చిపోకండి.

మా షాపులో ఇప్పుడు ఏం చేస్తున్నామంటే, స్క్రాప్‌కి, పొడవు కోతలకి, హీటింగ్‌కి ఎల్పీజీ. రంధ్రాలకి, చిన్న కోతలకి, తుప్పు పట్టిన, పెయింట్ ఉన్న రిపేరు పనులకి ఒక డీఏ సిలిండర్. ఒక్కోదానికి వేరే టార్చి, హ్యాండిల్‌కి వేరే రంగు టేపు. నా పుస్తకంలో గ్యాస్, ఆక్సిజన్ ఒకే పేజీలో, ఏ పనికి ఎంత అని. మీ షాపు పని వేరే కావచ్చు, రోజంతా స్క్రాప్ కోసేవాళ్లకి డీఏ అవసరమే ఉండకపోవచ్చు. మీ పుస్తకం చూస్తే మీకే తెలుస్తుంది.

మన సంఘం మీటింగుల్లో కరెంటు బిల్లు, స్థలం లీజు తప్ప ఇంకో మాట రాదు. ఒక్కసారి ఇది కూడా ఎత్తండి. ఆయుధపూజ నాడు సిలిండర్లకి పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయ కొడతాం గానీ, జాయింట్లకి సబ్బు నీళ్లు రాసి బుడగ వస్తుందా అని చూసేవాళ్లు ఎంతమంది? నేనూ పదిహేనేళ్లు కుంకుమే పెట్టాను.

వచ్చే ఆదివారం పొద్దున పదింటికి మా షాపు దగ్గరికి రండి. ఆరు నెలల ఆక్సిజన్ బిల్లులు, గ్యాస్ బిల్లులు తెచ్చుకోండి, నేను కూర్చుని లెక్క కట్టిపెడతాను. మేస్త్రి రెండు నాజిళ్లూ విప్పి చూపిస్తానన్నాడు. మీ దగ్గర టార్చి పట్టే పిల్లల్ని తప్పకుండా పంపండి, మీరు రాకపోయినా ఫర్వాలేదు. కూత వినిపిస్తే ఏ వాల్వ్ ముందు కట్టాలో మా కుర్రాడు చెప్తాడు. చెయ్యి మానింది, మళ్లీ పనిలోకి వచ్చాడు. ఇప్పుడు నల్ల సిలిండర్ల లెక్క రాసేది వాడే.

ఇట్లు,
రేణిగుంట రోడ్డు షాపులో బిల్లులు రాసే మీ అక్క